లేని గొయ్యి

పోయిన వారం మనం కోళ్ళక్కను సహాయ నిధి ఆఫీసులో మూడో నంబరు కిటికీ ముందు, తెరిచిన నోరు తెరిచినట్టే వదిలేసి వచ్చాం. ఎనిమిది నెలలుగా ఆమెను చెప్పులరిగేలా తిప్పుతున్న ఫైలు పాసైందని గుమాస్తా చెప్పాడు. పాసైతే సంతోషించాలి గానీ నోరు తెరవడమెందుకని మీరడగవచ్చు. జవాబు ఆ ఫైల్లోనే ఉంది.

రెండేళ్ళ కిందట, ఆ మాయదారి జబ్బు రోజుల్లో, హోటళ్ళూ హాస్టళ్ళూ మూతపడి గుడ్లు కొనే నాథుడు లేకపోయాడు. దాణా లారీలు రోడ్డెక్కడం మానేశాయి. అప్పటికి కోళ్ళక్క షెడ్డులో మూడు వేల ఎనిమిది వందల పెట్టలున్నాయి, నాలుగు రోజుల మేత ఉంది. చుట్టుపక్కల ఫారాలవాళ్ళు గుండె రాయి చేసుకుని కోళ్ళను చంపి పూడ్చిపెట్టారు. ఆమెకు చేతులు రాలేదు. గేటు బార్లా తీసి, ఎవరికి ఎన్ని కావాలంటే అన్ని పట్టుకుపొమ్మంది. మూడు రోజుల్లో షెడ్డు ఖాళీ అయింది. ఆ తర్వాత ప్రభుత్వం నష్టపోయిన ఫారాలకు సాయం ప్రకటించింది. దరఖాస్తులో ‘పక్షులు పోయిన విధము’ అన్న చోట రెండే గడులున్నాయి. ఒకటి ‘జబ్బుతో చనిపోయినవి’, రెండోది ‘చంపి పూడ్చినవి’. కోళ్ళక్క రెండు గడులూ వదిలేసి, పక్కనున్న ఖాళీలో ‘పంచిపెట్టాను’ అని రాసింది. ఆ ఒక్క మాట ఆమెను ఎనిమిది నెలలు తిప్పింది.

“ఏదీ, ఆ ఫైలు ఒకసారి చూడనివ్వండి,” అంది కోళ్ళక్క.

“పాసైన ఫైలు చూడ్డమెందుకమ్మా? పాసవకపోతే చూస్తారు గానీ,” అన్నాడు గుమాస్తా. ఆయన కళ్ళద్దాలు ఎప్పుడూ ముక్కు చివరే ఉంటాయి. పైకి తోసుకోవడం కూడా తన పని కాదన్నట్టుంటాడు. అయినా ఆమె కదిలేలా లేదని ఫైలు తిప్పి పెట్టాడు.

రెండో గడిలో టిక్కు పడి ఉంది. ‘పంచిపెట్టాను’ అన్న మాట మీద తెల్లరంగు పూసి ఉంది. కింద పశువుల డాక్టరు ధ్రువపత్రం కుట్టి ఉంది: ‘పై ఆవరణలోని మూడు వేల ఎనిమిది వందల పక్షులను నా సమక్షమున చంపి, షెడ్డు వెనుక ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల లోతు గల గోతిలో సున్నము చల్లి పూడ్చిపెట్టడమైనది.’

దాని కింద సంతకం చూసింది. రెండోసారి చూసింది. ఆ సంతకం ఆమెకు కొత్త కాదు. ఆ సంతకంలోని మెలిక ఎలా తిప్పాలో వంటింటి గట్టు మీద కూర్చుని పాత క్యాలెండరు వెనక నేర్చుకుంటున్నప్పుడు పక్కనే ఉండి నవ్వింది కూడా. అది ఆమె మరిదిది.

“ఇది అబద్ధం,” అంది.

“అబద్ధమేంటమ్మా? సంతకం ఉంది, స్టాంపు ఉంది.”

“నేను చంపలేదండీ బాబూ. పంచిపెట్టాను. మీకు తొమ్మిదిసార్లు చెప్పాను.”

“తొమ్మిదిసార్లూ నేనూ చెప్పాను, దానికి గడి లేదని.”

“అంటే చంపినవాళ్ళకి సాయం, చంపనివాళ్ళకి మొండిచెయ్యా?”

“అలా అనకూడదు. చంపితే నష్టం. పంచితే దానం. దానం పుణ్యం కిందకొస్తుంది. పుణ్యం మా శాఖ కాదు.”

వెనక వరుసలో నిలబడ్డవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. కోళ్ళక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“సరే. ఈ ఫైలు కొట్టెయ్యండి.”

“పాసైంది కొట్టెయ్యాలంటే పాసు చేసినాయన సంతకం కావాలి. ఆయనకి బదిలీ అయిపోయింది.”

“అయితే వెనక్కి తీసుకుంటున్నానని రాసిస్తాను. కాగితమివ్వండి.”

“తెల్లకాగితం పనికిరాదు. దానికి వేరే ఫారం ఉంది.”

“ఆ ఫారమే ఇవ్వండి.”

“అయిపోయాయి. అచ్చుకి పంపాం.” గుమాస్తా ఫైలు మూసి, దయ తలచినవాడిలా గొంతు తగ్గించాడు. “చూడమ్మా, రేపు పొద్దున పదింటికి తనిఖీ అధికారి మీ ఫారానికొస్తారు. ఆవిడకి ఆ గొయ్యి చూపించండి. ఆవిడ సంతకం పెడతారు, నెలలో డబ్బు పడుతుంది. ఇంతోటిదానికి ఇంత రాద్ధాంతమా?”

“ఏ గొయ్యి?”

“మీ గొయ్యేనమ్మా,” అన్నాడు గుమాస్తా, చిన్నపిల్లకు చెప్పినట్టు. “తర్వాత ఎవరండీ?”

*

పశువుల ఆసుపత్రి వెనక చప్టా మీద ఒక ఎర్రావును చెక్కల మధ్య నిలబెట్టి ఉంచారు. దాని యజమాని తోక పట్టుకుని ఉన్నాడు. మరిది భుజందాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, ఆవు చూలు తడిమి చూస్తున్నాడు. చెయ్యి మొత్తం లోపలే ఉంది. వదినను చూడగానే అతని మొహంలో రంగు దిగిపోయింది.

“లోపల కూర్చో వదినా, చెయ్యి కడుక్కుని వచ్చేస్తా.”

“అక్కర్లేదు. చెయ్యి అక్కడే ఉండనీ. పారిపోవడానికి వీల్లేకుండా ఉంటుంది.”

“వదినా...”

“ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల లోతు. టేపు పెట్టి కొలిచావా, కంటితోనే చూశావా?”

ఆవు యజమాని ఒకసారి ఆమెను, ఒకసారి డాక్టరును చూశాడు. “అయ్యా, మీ ఇంటి గొడవ తర్వాత. ముందు చూలు నిలిచిందో లేదో చెప్పండి, చెయ్యి నొప్పెడుతోంది నాకు.”

“నిలిచింది. ఐదో నెల,” అన్నాడు మరిది. ఆ వార్తకు సంతోషించింది ఆవు యజమాని ఒక్కడే.

గదిలోకి వెళ్ళాక మరిది చాలాసేపు సబ్బు రుద్దుకున్నాడు. కోళ్ళక్క కూర్చోలేదు. ఆమె ఆ ఇంట కోడలిగా అడుగుపెట్టేనాటికి ఇతనికి పన్నెండేళ్ళు. పశువైద్యం చదువుతానంటే, ఇంట్లో అందరూ పెదవి విరిచినప్పుడు, గుడ్లమ్మి చదివించింది ఆమే. కోప్పడటానికి ఆమెకున్నంత హక్కు ఇంకెవరికీ లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

“ఒక్కటి కాదు వదినా,” అన్నాడు చివరికి, గోడకేసి చూస్తూ. “పదకొండు ఫారాలకి రాశాను.”

“పదకొండా?”

“ఆ రెండు నెలలూ నేను ఇల్లు కదల్లేదు. మా ఆవిడకి ఏడో నెల. బయటికెళ్ళి జబ్బు మోసుకొస్తే ఎలాగని గది తలుపేసుకుని కూర్చున్నా. రోజుకి పది ఫోన్లు. పెద్దపెద్దవాళ్ళు ఫోన్లో ఏడ్చేవాళ్ళు, డాక్టరుగారూ ఒక్కసారి రండి, చంపబుద్ధి కావట్లేదు, ఇంకేదైనా దారుందా చూడండి అని. నేను వెళ్ళలేదు. తర్వాత వాళ్ళందరూ ధ్రువపత్రాలకొచ్చారు. నేను రాలేదు, చూడలేదు అని ఏ మొహంతో చెప్పను? ఒకే కాగితం రాసి పేర్లూ అంకెలూ మార్చాను.”

“వాళ్ళయితే చంపారు. నేను చంపలేదని నీకు తెలుసుగా? నిన్ను కాగితం అడగను కూడా లేదే?”

“నీ ఫైలొక్కటే తిరుగుతోంది. నువ్వు నెల నెలా ఆ కిటికీ ముందు నిలబడుతుంటే చూడలేకపోయా. నా చదువుకి నువ్వు పడ్డ కష్టానికి, ఏదో నీ ఋణం తీర్చుకుందామని...”

“ఋణం ఇలాగట్రా తీర్చుకునేది, గోతిలో పెట్టి పూడ్చి?” అంది. ‘ట్రా’ అన్నది ఎన్నేళ్ళ తర్వాతో ఆమె నోట వచ్చింది. “నా మాట మీద తెల్లరంగు పూసిందెవరు?”

“నేనే. ధ్రువపత్రానికని ఫైలు నా దగ్గరికొచ్చినప్పుడు. నీ చేతిరాత మీద పూస్తుంటే చెయ్యి వణికింది వదినా.”

“వణికితే ఆగాలి. వణుకు ఉన్నది దేనికనుకున్నావ్?”

మరిది కుర్చీలో కూలబడ్డాడు. ఆమె ఒక్కర్తీ కాదంటే, మిగతా పదీ తిరగదోడతారని చెప్పాడు. ఆ పదిమందికీ నిజంగానే నష్టం జరిగింది, ఒకాయన ఇప్పటికీ సొంత షెడ్డువైపు వెళ్ళడం లేదు. వాళ్ళకొచ్చే సాయం కూడా ఆగిపోతుంది. తన ఉద్యోగం సంగతి అతను చెప్పలేదు. చెప్పకపోవడమే ఆమెను ఎక్కువ విసిగించింది. చెబితే తిట్టడానికి వీలుండేది.

“నేను నిజం చెబితే పదిమంది నోటి దగ్గర కూడు పోతుంది. చెప్పకపోతే నేను దొంగనవుతాను. బాగుంది, మహా బాగుంది. ఎవరి జోలికీ పోకుండా కోళ్ళు పంచుకున్న పాపానికి!” ఆమె సంచి భుజాన వేసుకుంది. “రేపు పదింటికి ఆవిడొస్తుంది. నేను ఉన్నదున్నట్టు చెబుతాను. నువ్వు నాకు చెప్పకుండా చేశావు. నేను నీకు చెప్పి చేస్తున్నా. ఈలోగా ఏం చేసుకుంటావో నీ ఇష్టం.”

*

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. షెడ్డు వెనక నుంచి దబ్, దబ్ అని చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే భర్త మోకాళ్ళలోతు గోతిలో నిలబడి పారతో తవ్వుతున్నాడు. పక్కన కుర్చీ వేయించుకుని అత్తగారు కూర్చుని ఉంది. ఆవిడ నోరు పారకంటే వేగంగా పనిచేస్తోంది.

“వచ్చావా అమ్మాయ్? చూడు నీ మొగుడి ఘనకార్యం. చిన్నాడు ఫోన్ చేశాడో లేదో, పార తీశాడు. పది అడుగులట! మోకాళ్ళలోతుకే నడుం పట్టుకున్నాడు.”

“అమ్మా, నువ్వు కాసేపు ఊరుకో,” అన్నాడు ఆయన.

“ఊరుకుంటా. ఒక్కటి చెప్పు. అందులో వెయ్యడానికి కోళ్ళేవిరా? ఊళ్ళో అందరిళ్ళలోనూ సుబ్బరంగా మేస్తున్నాయి. వెళ్ళి అడగనా, కాసేపు చచ్చి రండమ్మా, ఆఫీసరొస్తోందీ అని?”

కోళ్ళక్క నుదురు పట్టుకుంది. “ఏమండీ, రెండేళ్ళ కిందటి గొయ్యంటే దాని మీద గడ్డి మొలిచి ఉంటుంది. ఇది చూస్తే ఇవాళ తవ్వినట్టు పసిపిల్లాడికి కూడా తెలుస్తుంది.”

“గడ్డి కూడా పెకలించుకొచ్చి పరుస్తా.”

“దాని కింద బొమికలు?”

ఆయన పార ఆపాడు. ఆయన మాటల మనిషి కాదు. బోన్లు బాగుచేసుకుంటూ, నీళ్ళ గొట్టాలు శుభ్రం చేసుకుంటూ రోజుకు పట్టుమని పది మాటలు మాట్లాడితే గొప్ప. గోతిలోంచి తలెత్తి ఆమెను చూశాడు.

“షెడ్డులో ఇప్పుడు తొమ్మిది వందలున్నాయి. మూడొంతులు ఖాళీ. ఖాళీ బోన్ల తలుపులు గాలికి కొట్టుకుంటుంటే వినలేకపోతున్నా. ఆ డబ్బొస్తే మళ్ళీ నింపుకోవచ్చు. నువ్వు గేటు తీసి పంచినప్పుడు నేను ఒక్క మాట అన్నానా?”

“అనలేదు.”

“కాళ్ళకి తాళ్ళు కట్టి అందించింది నేనే కదా?”

“మీరే.”

“ఇప్పుడు ఒక్కటే అడుగుతున్నా. అబద్ధం చెప్పొద్దు. ఊరికే ఉండు. ఆవిడ చూసుకుంటుంది, సంతకం పెట్టుకుంటుంది, పోతుంది. నువ్వు నోరు తెరవకు, చాలు.”

కోళ్ళక్క గోతి అంచున, తవ్విపోసిన మట్టి మీద చతికిలబడింది. పొద్దుటి నుంచి ఆఫీసులో, ఆసుపత్రిలో ఎగిరిపడిన కోపం ఈయన దగ్గరికి వచ్చేసరికి ఎటుపోయిందో తెలియలేదు. ఈయన అడిగినది పెద్ద కోరికేం కాదు. అందుకే కాదనడం ఇంత కష్టంగా ఉంది.

ఆ మూడు రోజులూ ఆమెకు గుర్తొచ్చాయి. మొదట ఎవరూ నమ్మలేదు. మూతికి గుడ్డ కట్టుకున్న ఒకావిడ గేటు బయటే నిలబడి, ‘నిజంగా ఊరికేనా?’ అని నాలుగుసార్లు అడిగింది. ఒక రిటైరైన మేష్టారు ఒక్క పెట్టనే తీసుకుని, చంకలో పసిబిడ్డలా పెట్టుకుని, ఇంటిదాకా దానితో మాట్లాడుకుంటూ వెళ్ళాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి భయపడిన రోజుల్లో, ఆ గేటు దగ్గర మాత్రం జనం దూరం దూరంగా నిలబడే నవ్వుకున్నారు.

“ఆ రోజుల్లో అందరం ఏదో ఒకటి పోగొట్టుకున్నామండీ,” అంది నెమ్మదిగా. “నేను మా అక్కని చివరిచూపు చూసుకోలేకపోయాను. ఆ ఏడాది మొత్తంలో కళ్ళు మూసుకోకుండా తలుచుకోగలిగినవి నాకు ఆ మూడు రోజులే. రేపు నేను నోరు మూసుకుంటే, అవి జరగలేదని ఒప్పుకున్నట్టే. వాటిని కూడా ఈ గోతిలోనే వెయ్యమంటారా?”

ఆయన గోతిలోంచి పైకెక్కి, తవ్విన మట్టిని మళ్ళీ గోతిలోకి తొయ్యడం మొదలుపెట్టాడు. కోళ్ళక్క లేచి ఇంకో పార తెచ్చుకుంది.

“ఈ పూడ్చేదానికా మధ్యాహ్నం నుంచి నన్ను ఎండలో కూర్చోబెట్టింది?” అంది అత్తగారు.

*

తనిఖీ అధికారిణి పదింటికని చెప్పి పదకొండుకు పావు తక్కువకు వచ్చింది. స్కూటరు మీద, ఒడిలో ఫైళ్ళ సంచితో, చమటలు కక్కుతూ వచ్చింది. దిగీ దిగగానే, “గొయ్యి ఎటువైపు?” అని అడిగింది.

కోళ్ళక్క తెల్లారి లేచి రాసుకున్న కాగితం చేతికిచ్చింది. ఆవిడ నిలబడే చదివింది. సగంలో ఆగి, దగ్గరున్న గుడ్ల ట్రేల దొంతర మీద కూర్చుని మిగతాది చదివింది.

“మూడు వేల ఎనిమిది వందలూ పంచేశారా?”

“ఎనిమిది తక్కువండీ. ఎనిమిది మేమే తిన్నాం.”

భర్త దగ్గాడు. “తొమ్మిది,” అన్నాడు. ఇక నిజం చెప్పడమే అయితే పూర్తిగా చెప్పాలనుకున్నాడు కాబోలు.

“తొమ్మిదో ఎనిమిదో,” అంది అత్తగారు, “ఆ ట్రేల మీద కూర్చోకండమ్మా, విరుగుతాయి. ఎండలో స్కూటరేమిటి, ఆఫీసు వాళ్ళు జీపు ఇవ్వలేదూ? మీ ఫైళ్ళు పాడుగానూ, మా కోడల్ని ఎనిమిది నెలలు తిప్పారు కదా.”

గేటు చప్పుడైంది. మరిది వచ్చాడు. రాత్రంతా నిద్రలేనట్టు కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నేరుగా అధికారిణి దగ్గరికి వెళ్ళి ఒక కవరు అందించాడు.

“ఇందులో చెప్పిన పదకొండు ధ్రువపత్రాలూ నేను ఇంట్లో కూర్చుని రాసినవండి. మా వదినది పూర్తిగా అబద్ధం. ఆవిడ అడగలేదు, ఆవిడకి తెలియదు. మిగతా పదిమందీ నిజంగానే చంపారు, నేను వెళ్ళి చూడలేదంతే. తప్పు నాది, వాళ్ళది కాదు. కావాలంటే గోతులు తవ్వించి చూసుకోండి. వాళ్ళ సాయం మాత్రం ఆపకండి.”

కోళ్ళక్క నిన్నటి నుంచీ అతన్ని తిట్టడానికి కూడబెట్టుకున్న మాటలన్నీ పనికిరాకుండా పోయాయి. దగ్గరికి వెళ్ళి, “పొద్దున్నే ఏమైనా తిన్నావా?” అని మాత్రం అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు.

అధికారిణి రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి, చేత్తో విసురుకుంది. “పదిహేనేళ్ళ సర్వీసు నాది. లేని గొయ్యి చూపించినవాళ్ళని చూశాను. ఒకే గొయ్యి నలుగురు చూపించడం చూశాను. వచ్చిన డబ్బు వద్దని రాసిచ్చినవాళ్ళని ఇదే చూడటం. దీన్ని ఏ ఫైల్లో పెట్టాలో కూడా నాకు తెలీదు.”

“వద్దని కాదండీ,” అంది కోళ్ళక్క. “మాకు కావాలి. ఎంత కావాలో ఆ షెడ్డు చూస్తే మీకే తెలుస్తుంది. పంచినందుకని ఇవ్వండి, కళ్ళకద్దుకుని తీసుకుంటా. చంపినందుకని ఇస్తే మాత్రం వద్దు.”

“దానికి గడి లేదమ్మా.”

“తెలుసండీ. తెలుసు. తొమ్మిదిసార్లు విన్నాను.”

అధికారిణి మొదటిసారి నవ్వింది. ఇద్దరి కాగితాలూ మడిచి, ఇవి మధ్యలో మాయమైపోకూడదన్నట్టు, ఫైల్లో పెట్టి తాడు కట్టింది. డాక్టరు సంగతి పైవాళ్ళు తేలుస్తారని, పదిమంది సాయం ఆగకుండా తన చేతనైనంత రాస్తానని చెప్పింది. అంతా లేచి నిలబడ్డారు. భర్త మంచినీళ్ళు తేవడానికి అటు తిరిగాడు.

ఆవిడ మాత్రం సంచిలోంచి ఇంకో ఫైలు తీసింది.

“ఇది తేలింది. ఇక రెండోది చూద్దాం.”

“రెండోదేమిటండీ?” అంది కోళ్ళక్క.

“ఇదే ఆవరణ నుంచి వచ్చిన రెండో దరఖాస్తు. నిజానికి మీదానికంటే ముందొచ్చింది, ముందే పాసైంది. డబ్బు కూడా ఏడాది కిందటే వెళ్ళిపోయింది. తనిఖీ ఒక్కటే మిగిలింది.” ఆవిడ అట్ట తిప్పింది. “నూట ఇరవై పందులు.”

“పందులా?”

“జబ్బుతో చనిపోయినవి. నూట ఇరవై.”

కోళ్ళక్క భర్తను చూసింది. భర్త తమ్ముణ్ణి చూశాడు. తమ్ముడు రెండు చేతులూ పైకెత్తేశాడు. “అమ్మతోడు, నేను పందులకి సంతకం పెట్టలేదు!”

“మీ సంతకమే ఉందండీ ఇక్కడ.”

“ఏదీ?” అతను వంగి చూశాడు. “ఇది నాది కాదు. ఆ మెలిక అటు తిరగదు.”

“మేం పుట్టినప్పటి నుంచీ ఈ ఆవరణలో ఒక్క పంది అడుగు పెట్టలేదమ్మా,” అన్నాడు భర్త. పరాయివాళ్ళ ముందు ఆయన ఇన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. “ఎవరు పెట్టారు దరఖాస్తు? పేరేముంది?”

“ఒక్క నిమిషం.” అధికారిణి వేలు తడి చేసుకుని పేజీలు తిప్పసాగింది. పొద్దుటి నుంచి మొదటిసారిగా ఆ పెరడంతా నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దం ఎందుకో కోళ్ళక్కకు వింతగా తోచింది. ఏదో ఒక చప్పుడు తగ్గింది, ఏమిటది?

అందరూ ఒకేసారి వెనక్కి తిరిగారు.

అత్తగారి కుర్చీ ఖాళీగా ఉంది. ఇంట్లో, లోపలి గది తలుపుకు గడియ పడిన చప్పుడు వినిపించింది.